మద్రాసు మిద్దె టేకు దూలానికి ఇనుప ప్లేట్లు బిగిస్తే బరువు ఎవరి మీద పడుతుంది?

మిద్దె_మనవడు | ఫిబ్రవరి 2, రాత్రి 9:10

సభ్యులందరికీ నమస్కారం. కోనసీమలో మా ముత్తాతగారు కట్టించిన ఇంటి ముందు హాలు గురించి సలహా కోసం ఈ టపా రాస్తున్నాను. ఇల్లు కట్టి సుమారు తొంభై ఏళ్ళయింది. హాలు 14 అడుగుల వెడల్పు, 18 అడుగుల పొడవు. వెడల్పుకు అడ్డంగా ఆరేసి అడుగుల దూరంలో రెండు టేకు దూలాలు ఉన్నాయి. ఒక్కొక్కటి 6 అంగుళాల వెడల్పు, 10 అంగుళాల లోతు. వాటి మీద దంతెలు (దూలాల మీద అడ్డంగా వేసే సన్నని కర్రలు), దంతెల మీద నిలువుగా పేర్చిన పలుచని ఇటుకలు, ఆపైన సున్నంతో కలిపి దిమ్మిస చేసిన ఇటుక కంకర, అన్నిటికీ పైన పెంకు బిళ్ళలు. మద్రాసు మిద్దె అనేది ఇలాంటి పైకప్పునే. మొత్తం మందం తొమ్మిది అంగుళాలు.

మొన్న సంక్రాంతికి ముప్పై మందిమి మేడ మీద చేరి గాలిపటాలు ఎగరేస్తుంటే, కింద కూర్చున్న మా పెదనాన్నగారికి దూలం కిర్రుమన్న చప్పుడు వినిపించిందట. మర్నాడు గోడ నుంచి గోడకు నూలు దారం లాగి కట్టి, మధ్యలో స్టీలు స్కేలు పెట్టి చూశాను. ఒక దూలం 38 మిల్లీమీటర్లు, రెండోది 31 మిల్లీమీటర్లు దిగి ఉన్నాయి.

ఒక కాంట్రాక్టరు మొత్తం తీసేసి స్లాబు వేయమన్నారు. ఇంకొకరు దూలానికి రెండు పక్కలా 8 మి.మీ. ఇనుప ప్లేట్లు పెట్టి బోల్టులు బిగిస్తే చాలు, రెండు రోజుల్లో పని అయిపోతుందన్నారు. కర్రనూ ఇనుమునూ ఇలా జత చేయడం సరైన పద్ధతేనా? చేస్తే ప్లేట్లు పక్కల పెట్టాలా, దూలాన్ని నిలువునా చీల్చి మధ్యలో పెట్టాలా?

---

సిమెంటు_పక్షం | ఫిబ్రవరి 2, రాత్రి 10:25

నా అభిప్రాయం మొదటి కాంట్రాక్టరుతోనే. కర్ర తేమకు ఉబ్బుతుంది, ఇనుము ఎండకు సాగుతుంది; ఒకదాని నడక ఇంకొకదానికి సరిపడదు. నాలుగు వేసవులు గడిచేసరికి బోల్టులు వదులై ప్లేటు అలంకారంగా మిగులుతుంది. తొంభయ్యేళ్ళు నిలిచిన మిద్దెకు గౌరవంగా వీడ్కోలు చెప్పి స్లాబు వేసుకోవడమే మేలు.

---

నిర్మాణ_లెక్క | ఫిబ్రవరి 3, ఉదయం 7:40

మిద్దె_మనవడు గారూ, కొలతలు ఇంత వివరంగా ఇచ్చినందుకు సంతోషం. మామూలుగా ఇలాంటి ప్రశ్నలకు ఫోటో ఒక్కటే వస్తుంది. మీ అంకెలతోనే లెక్క వేస్తాను.

తొమ్మిది అంగుళాల మద్రాసు మిద్దె చదరపు మీటరుకు సుమారు 450 కిలోలు తూగుతుంది. దంతెలకూ దూలం సొంత బరువుకూ 30 కిలోలు కలపండి. మనుషులు ఎక్కే పైకప్పుకు భవనాల భారాల మీద ఉన్న భారత ప్రమాణం ఐఎస్ 875 చెప్పే అదనపు భారం 150 కిలోలు. ఒక్కో దూలం 1.8 మీటర్ల పట్టీని మోస్తుంది కనుక, అన్నీ కలిపి దాని మీద ఉండేది దాదాపు 4.8 టన్నులు. ఇందులో ముప్పావు వంతు పైకప్పు సొంత బరువే, అంటే రాత్రీ పగలూ దిగని బరువు.

ఈ భారానికి మీ దూలం మధ్య భాగంలో వంపు ఒత్తిడి చదరపు మిల్లీమీటరుకు 16.5 న్యూటన్లు వస్తుంది. టేకు తరగతిని బట్టి 12 నుంచి 14 న్యూటన్ల వరకు మాత్రమే అనుమతించడం మామూలు. ఇక పైకప్పు సొంత బరువుకు దూలం మధ్యలో దిగే కొలత 19 మి.మీ. కర్ర ఏళ్ళ తరబడి ఒకే బరువు మోస్తే నిదానంగా ఇంకా దిగిపోతుంది, దాన్నే క్రీప్ అంటాం. చివరికి అది మొదటి దిగుడుకు రెట్టింపు కావడం వింత కాదు. 19కి రెండింతలు 38. మీ దారం చూపిన అంకె కూడా అదే. లెక్కలు ఇంత పొందికగా కుదరడం అరుదు గనుక దీన్ని కొంత కాకతాళీయంగానే తీసుకోండి. దూలం విరగడానికి సిద్ధంగా ఉందని దీని అర్థం కాదు, మొదటి నుంచీ శక్తికి మించి మోస్తోందని మాత్రమే.

ఇక జోడీ సంగతి. ఇనుము యంగ్ గుణకం, అంటే బిరుసుతనం కొలత (చదరపు మి.మీ.కి న్యూటన్లలో), సుమారు 2 లక్షలు, టేకుది సుమారు 10 వేలు. ఇనుము టేకు కంటే ఇరవై రెట్లు బిరుసు. అందువల్ల ఒక అంగుళం మందం ప్లేటును లెక్కలో ఇరవై అంగుళాల మందం టేకుగా చూడవచ్చు. మీ దూలం జడత్వ భ్రామకం, అంటే దాని ఆకారం వంపును ఎంత ఎదిరిస్తుందో చెప్పే కొలత, 19.5 కోట్లు (మిల్లీమీటర్ల లెక్కలో). 225 మి.మీ. లోతు, 8 మి.మీ. మందం గల రెండు ప్లేట్లది 1.52 కోట్లే, కానీ ఇరవైతో గుణిస్తే 30.4 కోట్లు అవుతుంది. రెండూ కలిసి పని చేస్తే ఇనుము 61 శాతం, కర్ర 39 శాతం మోస్తాయి. మొత్తం బరువుకు దిగుడు 25 మి.మీ. ఉండవలసిన చోట 10 మి.మీ. లోపే ఉంటుంది.

సిమెంటు_పక్షం గారి అభ్యంతరానికి కూడా అంకెతోనే జవాబు. హాలులో ఉష్ణోగ్రత 15 డిగ్రీలు మారితే, 14 అడుగుల పొడవు మీద ఇనుముకూ కర్రకూ వ్యాకోచంలో వచ్చే తేడా అర మిల్లీమీటరు. బోల్టు రంధ్రంలోని ఖాళీయే అంతకంటే ఎక్కువ ఉంటుంది. తేమ విషయంలో మాత్రం ఆయన మాటలో నిజం ఉంది. అయితే అది పచ్చి కర్రకు వర్తించినంతగా తొంభయ్యేళ్ళు ఎండిన టేకుకు వర్తించదు.

---

లీడ్స్_నుంచి | ఫిబ్రవరి 3, మధ్యాహ్నం 2:15

ఇంగ్లండులో ఇది కొత్త పద్ధతేమీ కాదు. నేను ఉండే ఊళ్ళో పందొమ్మిదో శతాబ్దపు ఇళ్ళను మరమ్మతు చేసేటప్పుడు రెండు పైన్ కర్ర దూలాల మధ్య ఇరికించిన చేత ఇనుప (రాట్ ఐరన్) పలక తరచుగా బయటపడుతుంది. దాన్ని ఫ్లిచ్ బీమ్ అంటారు. ఫ్లిచ్ అంటే దుంగ నుంచి కోసిన పక్క ముక్క అని అర్థం. చుట్టిన ఉక్కు దూలాలు చవకయ్యాక వాడుక తగ్గింది గానీ పూర్తిగా పోలేదు.

నాకు నచ్చిన వివరం ఒకటి చెబుతాను. ఆ కాలపు వడ్రంగులు దుంగను నిలువునా రెండుగా కోసి, ఒక సగాన్ని తలకిందులుగా తిప్పి, లోపలి కోత ముఖాలు రెండూ బయటికి వచ్చేలా పెట్టి, మధ్యలో పలక వేసి బిగించేవారు. దుంగ గుండెలో కుళ్ళు ఉంటే కోయగానే కనిపిస్తుంది. ఒక సగంలోని ముడి ఇంకో సగంలోని ముడికి ఎదురుగా రాదు. లోపలి భాగం త్వరగా ఆరుతుంది. పలక వేయకుండా ఒట్టి కర్రకు కూడా ఇలా చేసేవారు.

మధ్యలో పలక పెట్టడంలో ఇంకో లాభం ఉంది. 8 మి.మీ. పలకను ఒంటరిగా అంచు మీద నిలబెట్టి బరువు వేస్తే, వంగడానికి ముందే పక్కకు మెలిదిరిగి పడిపోతుంది. రెండు వైపులా కర్ర పట్టుకుని ఉంటే మెలితిరగడానికి చోటే ఉండదు. ఇనుము బలం ఇస్తే కర్ర దాన్ని నిలబెడుతుంది. పక్కల పెట్టే ప్లేట్ల విషయంలో ఆ పని బోల్టులు చేయాలి.

---

మిద్దె_మనవడు | ఫిబ్రవరి 3, రాత్రి 8:50

ఇద్దరికీ కృతజ్ఞతలు. 61 శాతం ఇనుము మీదకు పోతుందంటే నా గుండె తేలికపడింది. దూలాన్ని చీల్చాలంటే పైకప్పు విప్పాలి కాబట్టి పక్కల ప్లేట్లే అనుకుంటున్నాను. రెండో కాంట్రాక్టరు గారు ఆదివారం వచ్చి బిగిస్తామన్నారు. ప్రాపులూ (తాత్కాలికంగా నిలబెట్టే ఆసరా స్తంభాలు) జాకీలూ అక్కరలేదని, దూలం ఎలా ఉందో అలాగే పట్టి బోల్టులు గట్టిగా బిగిస్తే సరిపోతుందని ఆయన మాట. రమ్మని చెప్పమంటారా?

---

నిర్మాణ_లెక్క | ఫిబ్రవరి 3, రాత్రి 9:30

దయచేసి ఆదివారం వద్దు. తప్పు నాదే, 61 శాతం అన్నప్పుడు "రెండూ మొదటి నుంచి కలిసి మోస్తే" అన్న షరతును గట్టిగా చెప్పి ఉండవలసింది.

ఇనుము మోయాలంటే అది వంగాలి. ఇప్పుడు మీ దూలం వంగి ఉంది, పైకప్పు మొత్తాన్నీ ఒంటరిగా మోస్తోంది. ఆ స్థితిలో పక్కన ప్లేటు తెచ్చి బిగిస్తే, ప్లేటుకు తెలిసేదల్లా అప్పటి నుంచి వచ్చే కొత్త వంపు మాత్రమే. రేపు సంక్రాంతికి ఎక్కే ముప్పై మంది బరువులో 61 శాతం అది తీసుకుంటుంది. అప్పటికే ఉన్న మూడున్నర టన్నులకు పైగా బరువులో ఒక్క కిలో కూడా తీసుకోదు, క్రీప్ వల్ల ఏళ్ళు గడిచాక కొంత దాని మీదకు జారుతుందేమో గానీ.

అంకెల్లో చెబితే, కర్రలో ఒత్తిడి ఇప్పుడు జనం ఎక్కినప్పుడు 16.5 న్యూటన్లు. జాకీ పెట్టకుండా ప్లేట్లు బిగిస్తే 14 అవుతుంది. దూలం మధ్యలో జాకీ పెట్టి, నిదానంగా 12 మి.మీ. పైకెత్తి, ఆ స్థితిలో ప్లేట్లు బిగించి, తర్వాత జాకీ దించితే 8కి పడిపోతుంది. అవే ప్లేట్లు, అవే బోల్టులు, అదే ఖర్చు. ఫలితంలో మాత్రం ఇంత తేడా. ప్లేటును దూలానికి కట్టిన పట్టీలా చూస్తే ఈ సంగతి తట్టదు. రెండో దూలాన్ని పక్కన నిలబెట్టి బరువు దాని భుజాల మీదకు మారుస్తున్నామని అనుకుంటే తడుతుంది.

38 మి.మీ. మొత్తం ఎత్తి దూలాన్ని చక్కగా చేయాలని మాత్రం ఆశపడకండి. అందులో సగం కర్రకు శాశ్వతంగా వచ్చిన ఆకారం. బలవంతంగా ఎత్తితే పైనున్న సున్నపు కంకర పగిలి, వానాకాలంలో కారడం మొదలవుతుంది. మనకు కావలసింది బరువు దించడమే, వంపు తీయడం కాదు.

---

టేకు_చేతిపని | ఫిబ్రవరి 4, ఉదయం 6:20

నేను వడ్రంగిని. మా నాన్నగారు కూడా ఇదే పని చేసేవారు. ఇంజనీరు గారి లెక్కకు నేను ఎదురు చెప్పను. కానీ లెక్క అంతా దూలం మధ్య భాగం గురించే జరిగింది. దూలం చివరలు ఎవరైనా చూశారా?

గోడలోకి పోయిన అడుగు మేర కర్ర కంటికి కనపడదు. మిద్దె అంచున కారిన నీళ్ళు గోడ గుండా దిగి చేరేది అక్కడికే. సుత్తి వెనక భాగంతో గోడ దగ్గర నుంచి మధ్య దాకా తట్టుకుంటూ రండి. మంచి కర్ర కంచులా మోగుతుంది, కుళ్ళినది మద్దెలలా బొద్దుగా పలుకుతుంది. తర్వాత సన్నని స్క్రూడ్రైవరు తీసుకుని గోడ అంచున కింది వైపు పొడిచి చూడండి. అర అంగుళం కంటే లోపలికి దిగితే గోడ విప్పవలసిందే.

పదిహేనేళ్ళ కిందట నేను చేసిన ఒక పని చెబుతాను, దాచుకోవడం దేనికి. రాజమండ్రి దగ్గర ఒక ఇంట్లో ఇలాగే దూలానికి రెండు వైపులా ప్లేట్లు వేశాను. ప్లేట్లు గోడకు నాలుగు అంగుళాలు ఇవతలే ఆపాను, గోడ కొట్టడం ఇంటివారికి ఇష్టం లేకపోవడంతో. మధ్య భాగం ఇనుములా ఉంది. రెండు వానాకాలాలు గడిచాక దూలం మొత్తం ఒక పక్కకు రెండు అంగుళాలు దిగింది. గోడలోని చివర పిండైపోయింది. ప్లేటుకు ఏమీ కాలేదు, అది మోసే బరువును గోడకు అందించే దారే లేకుండా పోయింది. అప్పటి నుంచి చివరలు విప్పి చూడకుండా ప్లేటు ముట్టుకోను.

జాకీ ఎత్తే తీరు కూడా రాస్తాను. మీ హాలులో కడప బండలు పరిచి ఉంటాయి. మధ్య జాకీ కింద సుమారు ఒకటిన్నర టన్నుల బరువు పడుతుంది. బండ మీద నేరుగా పెడితే బండ ఫట్ మంటుంది. మూడు అంగుళాల మందం పలకను నాలుగు అడుగుల పొడవున పరిచి దాని మీద పెట్టండి. పైన దూలానికీ జాకీకీ మధ్య మెత్తని కర్ర ముక్క వేయండి, లేకపోతే టేకులో గుంట పడుతుంది. రోజుకు రెండు మిల్లీమీటర్లకు మించి ఎత్తవద్దు. సాయంత్రం ఎత్తి, రాత్రంతా వదిలి, తెల్లవారి దారం చూసుకోండి. అటూ ఇటూ రెండు ప్రాపులు భద్రత కోసం ఉంచి, జాకీతో పాటే వాటినీ బిగించుకుంటూ పోవాలి.

---

రైలు_కార్ఖానా | ఫిబ్రవరి 4, సాయంత్రం 5:45

రైల్వే వర్క్‌షాపులో ముప్పై నాలుగేళ్ళు పనిచేసి విశ్రాంతి తీసుకున్నవాణ్ణి. ఈ చర్చ చదువుతుంటే పాత చెక్క బోగీలు గుర్తుకొచ్చాయి. ఆ బోగీల అడుగున పొడవునా ఇనుప కడ్డీలు ఉండేవి. రెండు చివరల దగ్గర పైన మొదలై, మధ్యలో కిందికి దిగి, రెండు పొట్టి కాళ్ళను తన్నిపెట్టి, మళ్ళీ పైకి వెళ్ళేవి. కడ్డీ నడుమ టర్న్‌బకిల్, అంటే తిప్పితే కడ్డీని బిగించే మర, ఉండేది. బోగీ నడుము దిగితే, పెద్ద కడ్డీతో ఆ టర్న్‌బకిల్‌ను రెండు మూడు చుట్లు తిప్పేవారు; నడుము పైకి లేచేది.

ఇంజనీరు గారు చెప్పిన చిక్కు ఈ పద్ధతిలో ఉండదు. ప్లేటు బరువు తన దగ్గరికి వచ్చేదాకా కాచుకుని కూర్చుంటుంది. బిగించిన కడ్డీ తానే వెళ్ళి బరువు తెచ్చుకుంటుంది. జాకీ అవసరం లేదు, రేపు కర్ర మళ్ళీ దిగితే ఇంకో చుట్టు తిప్పుకోవచ్చు. ఇళ్ళకు ఎందుకు వాడరో నాకు అర్థం కాదు.

---

నిర్మాణ_లెక్క | ఫిబ్రవరి 4, రాత్రి 8:05

రైలు_కార్ఖానా గారూ, ఈ చర్చలో నాకు అన్నిటికంటే నచ్చిన టపా మీదే. గోదాములకు, పశువుల కొట్టాలకు నేనే ఈ పద్ధతిని సూచిస్తాను. ఇంటి హాలుకు రెండు ఇబ్బందులు ఉన్నాయి. కడ్డీ పని చేయాలంటే దూలం కింద కనీసం అడుగు లోతు దిగాలి. పది అడుగుల ఎత్తున్న హాలులో ఫ్యాను ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. రెండోది, కడ్డీ లాగుడంతా దూలం చివరల మీద నొక్కుడుగా పడుతుంది. చివరలే అనుమానంగా ఉన్న ఇంట్లో అది మంచిది కాదు.

టేకు_చేతిపని గారి మాట నూటికి నూరు పాళ్ళు నిజం. ప్లేట్లు తప్పనిసరిగా గోడలోకి ఆరు అంగుళాలు పోవాలి. దూలం ఒక్కో చివర గోడ మీద మోపే బరువు దాదాపు 2.4 టన్నులు. ప్లేట్ల సన్నని అంచులను పాత సున్నపు గోడ మీద నేరుగా ఆనిస్తే అవి ఇటుకలోకి కోసుకుపోతాయి. అడుగున 12 మి.మీ. మందం బిళ్ళ, దాని కింద 12 అంగుళాలకు 9 అంగుళాల నల్లరాతి దిమ్మె పెడితే ఒత్తిడి ఆ గోడ భరించే స్థాయికి తగ్గుతుంది.

బోల్టుల సంగతి. 12 మి.మీ. బోల్టు ఆరు అంగుళాల కర్ర గుండా పోతే సన్నని పుల్లలా లోపలే వంగుతుంది; దాని పూర్తి బలాన్ని నేను నమ్మను. 16 మి.మీ. జింకు పూత బోల్టులు వాడండి. దూలం వెంట 400 మి.మీ.కి ఒకటి చొప్పున, ఒకటి పై వరుసలో, తర్వాతిది కింది వరుసలో, అంచుల నుంచి 75 మి.మీ. లోపలికి. ఒక్కో చివర నాలుగేసి. ప్లేటు లోతును దూలం కంటే అంగుళం తక్కువ చేయమన్నది కూడా కారణంతోనే: కర్ర ఎప్పుడైనా కుంచించుకుంటే ప్లేటు అంచు పైకి పొడుచుకు వచ్చి దంతెలను ఎత్తకూడదు.

---

ఆస్టిన్_గోదావరి | ఫిబ్రవరి 5, ఉదయం 8:30

టెక్సాస్‌లో ఇళ్ళ నిర్మాణ సంస్థలో పనిచేస్తున్నాను. ఇక్కడ కారు షెడ్డు తలుపు పైన వెడల్పాటి ఖాళీని దాటించాలి, కానీ లోతైన దూలానికి చోటు లేదు అనుకున్నప్పుడు ఈ జోడీ వాడతాం. పలుచని కర్ర పొరలను అతికించి చేసిన ఎల్‌వీఎల్ పలకలు రెండు, ఒక్కొక్కటి అంగుళం ముప్పావు మందం, వాటి మధ్య అర అంగుళం ఉక్కు ప్లేటు. ఎల్‌వీఎల్ టేకు కంటే బిరుసు కాబట్టి గుణించవలసిన సంఖ్య ఇరవై కాదు, పద్నాలుగు చిల్లర.

పచ్చి కర్రతో ఈ పని చేసినవాళ్ళు నేర్చుకున్న పాఠం ఒకటి ఉంది. ప్లేటులో పై వరుస రంధ్రానికీ కింది వరుస రంధ్రానికీ మధ్య దూరం మారదు. కర్ర ఆరుతూ లోతులో కుంచించుకుంటుంది, బోల్టులు మాత్రం దాన్ని ఆ దూరంలోనే పట్టి ఉంచుతాయి. అప్పుడు రెండు వరుసల మధ్య కర్ర పొడవునా చీలుతుంది. మీ దూలానికి ఈ భయం లేదు. కానీ కుళ్ళిన చోట కొత్త ముక్క వేయవలసి వస్తే, కొత్త సామిల్లు కర్ర కాకుండా పాత ఇంటి టేకే వెతకండి.

రంధ్రాలు ప్లేటుకు వర్క్‌షాపులోనే వేయించండి. ఆ ప్లేటునే అచ్చుగా పెట్టి దూలం మీద గుర్తులు పెట్టుకోండి. ముందు కర్రకు రంధ్రాలు వేసి తర్వాత ప్లేటు తెస్తే ఏ రంధ్రమూ ఏ రంధ్రానికీ కలవదు, ఈ మాట అనుభవంతో రాస్తున్నాను.

కొత్తగా కట్టేవారికి ఒక మాట: పైనా కిందా కర్ర, మధ్యలో ఉక్కు గొట్టాల అల్లిక ఉండే తేలికపాటి దూలాలు కూడా ఈ కుటుంబంలోవే. 1960లో ఐడాహో రాష్ట్రంలోని బాయిసీలో ఆర్ట్ ట్రౌట్నర్, హెరాల్డ్ థామస్ కలిసి మొదలుపెట్టిన ట్రస్ జాయిస్ట్ సంస్థ వాటితోనే వ్యాపారంలోకి వచ్చింది. అల్లిక సందుల్లోంచి నీటి గొట్టాలు, ఏసీ గొట్టాలు దూరిపోతాయి. పాత మిద్దెకు అవి పనికిరావు.

---

సిమెంటు_పక్షం | ఫిబ్రవరి 5, మధ్యాహ్నం 1:10

వ్యాకోచం విషయంలో నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ అగ్నిప్రమాదం సంగతి ఎవరూ ఎత్తలేదు. ఉక్కు 550, 600 డిగ్రీల దగ్గర సగం బలం కోల్పోతుందని అందరూ ఒప్పుకునేదే. బయట వేలాడే 8 మి.మీ. ప్లేటు ఆ వేడికి చేరడానికి ఎంతసేపు?

---

నిర్మాణ_లెక్క | ఫిబ్రవరి 5, రాత్రి 9:00

మంచి ప్రశ్న. పట్టుమని పావుగంట కూడా పట్టకపోవచ్చు. మధ్యలో పలక పెట్టే పాత పద్ధతి ఈ ఒక్క విషయంలో మేలు, ఎందుకంటే చుట్టూ ఉన్న కర్ర దానికి కవచం. గట్టి కర్ర మంటల్లో నిమిషానికి అర మిల్లీమీటరు చొప్పున మాత్రమే బొగ్గవుతుంది; ఆ బొగ్గు పొరే లోపలి దానికి వేడి తగలకుండా ఆపుతుంది.

పక్కల ప్లేట్లు ఉన్నప్పుడు వాటి మీద అంగుళం మందం టేకు పలకలు తొడిగితే అర్ధగంటకు పైగా రక్షణ దొరుకుతుంది, చూడటానికి కూడా పాత దూలంలాగే ఉంటుంది. ఒకవేళ ప్లేట్లు పూర్తిగా మెత్తబడినా, మంటలప్పుడు మేడ మీద జనం ఉండరు. దూలం తొంభయ్యేళ్ళుగా ఒంటరిగా మోసిన బరువు దగ్గరికే తిరిగి వస్తుంది. ఇనుము పోయినా కర్ర ఒక్కటే సొంత బరువును మోయగలగాలన్నది ఇలాంటి మరమ్మతుల్లో నేను పెట్టుకున్న నియమం. మీ దూలం ఆ పరీక్షలో నెగ్గుతుంది.

---

మిద్దె_మనవడు | మార్చి 19, రాత్రి 8:40

ఆలస్యానికి మన్నించండి. పని మొదటి దూలం వరకు పూర్తయింది, జరిగినది వరసగా రాస్తాను.

ఆదివారం రావలసిన కాంట్రాక్టరు గారిని వద్దన్నాను, ఆయనకు కొంచెం కోపం వచ్చింది. మా ఊరి వడ్రంగి మేస్త్రి గారితో కలిసి ముందుగా చివరలు తట్టి చూశాం. తూర్పు గోడ వైపు కంచులా మోగింది. పడమటి వైపు తడితే నిజంగానే మద్దెల. స్క్రూడ్రైవరు పిడి దాకా దిగింది. గోడ విప్పితే తొమ్మిది అంగుళాల మేర కర్ర వేళ్ళతో నలిపితే పొడవుతోంది. చెదలు తిని వదిలేసిన మట్టి గూళ్ళు లోపల అలాగే ఉన్నాయి. మధ్య భాగానికి ప్లేట్లు బిగించేసి ఊరుకుని ఉంటే ఏమయ్యేదో టేకు_చేతిపని గారు ముందే చెప్పారు. వారికి మా ఇంటిల్లిపాదీ రుణపడి ఉంటాం.

కుళ్ళిన ముక్క కోసేసి, పక్క ఊళ్ళో విప్పేస్తున్న ఇంటి నుంచి కొన్న పాత టేకు ముక్కను ఆ చోట పెట్టాం. అది రెండు ప్లేట్ల నడుమ ఇరుక్కుని ఉంటుంది, నాలుగు బోల్టులు దాని గుండా పోతాయి, బరువు ప్లేట్ల ద్వారా రాతి దిమ్మెకు చేరుతుంది. ఈ చివరి అమరికను ఒక ఇంజనీరు గారిని పిలిపించి, ఇల్లు చూపించి, సంతకం చేయించుకున్న తర్వాతే మొదలుపెట్టాం.

ఒక్కో ప్లేటు 65 కిలోలు తూగింది. నలుగురం పరంజా మీద నిలబడి ఎత్తాం. జాకీ ఆరు రోజుల్లో 12 మి.మీ. ఎత్తాం. నాలుగో రోజు సాయంత్రం హాలంతా వినిపించేలా టక్ మని చప్పుడు వచ్చింది. పైకి పరుగెత్తి చూస్తే పెంకు బిళ్ళల మధ్య వెంట్రుక మందం చీలిక. అక్కడ సున్నం పూసి ఒక రోజు ఆగి మళ్ళీ మొదలుపెట్టాం.

బోల్టులన్నీ బిగించాక జాకీని కూడా రెండు రోజుల్లో నిదానంగా దించాం. ఎత్తిన 12 మి.మీ.లో 6 మి.మీ. తిరిగి దిగింది. ఇది ఎక్కువా, తక్కువా?

---

నిర్మాణ_లెక్క | మార్చి 20, ఉదయం 7:15

కర్ర, ఇనుము ఎక్కడా జారకుండా కలిసి పని చేసి ఉంటే 4.7 మి.మీ. దిగాలి. ప్లేట్లు అసలు పని చేయకపోతే మొత్తం 12 మి.మీ. దిగిపోయేది. మీకు వచ్చింది 6. ఆ మిగిలిన 1.3 మి.మీ. బోల్టులు తమ రంధ్రాల్లో సర్దుకుని, కర్రలోకి కొద్దిగా ఒత్తుకోవడం వల్ల వచ్చినది. నాకు ఆ అంకె చాలా సంతోషం కలిగించింది.

దారం తీసేయకండి. గోడలకు రెండు మేకులు అలాగే ఉంచి, నెలకొకసారి కొలిచి తేదీతో రాసుకోండి. కర్ర క్రీప్ వల్ల ఇంకా కొంత బరువు ఇనుము మీదకు మారుతుంది. చివరికి 61 కాస్తా 75 శాతం దాకా పోవచ్చు, ప్లేట్లకు ఆ శక్తి ఉంది. వానాకాలం ముగిశాక ఒకసారి, వచ్చే వేసవిలో ఒకసారి నట్లు బిగించాలి. అందువల్ల తొడుగు పలకలను మేకులతో కొట్టేయకుండా, విప్పడానికి వీలుగా స్క్రూలతో పెట్టించండి.

---

టేకు_చేతిపని | మార్చి 20, ఉదయం 9:50

పడమటి గోడ పైన నీళ్ళు ఎక్కడి నుంచి దిగుతున్నాయో చూశారా? అది ఆపకపోతే మీరు పెట్టిన పాత టేకు ముక్కకూ అదే గతి, ప్లేటుకు తుప్పు అదనం. గోడలోకి పోయే ప్లేటు భాగానికి తుప్పు పట్టకుండా వేసే రెడాక్సైడు రంగు ఒక పూత సరిపోదు, రెండు పూతలు వేసి ఆపైన తారు పూయండి. దూలం చివర చుట్టూ అర అంగుళం ఖాళీ వదలండి, సిమెంటుతో పూడ్చేయవద్దు. కర్రకు గాలి తగలాలి.

---

మిద్దె_మనవడు | మార్చి 20, రాత్రి 9:25

చూశాం. మిద్దె వాన నీటి తూము అడుగున సున్నం ఊడిపోయి ఉంది. పాత రాతి తూము తీయకుండా చుట్టూ మళ్ళీ గానుగ సున్నం పెట్టించాం. మేస్త్రి గారు ఖాళీని సిమెంటుతో పూడ్చబోతుంటే మీ టపా చదివి వినిపించాను. ఆయన నవ్వి తాపీ పక్కన పెట్టారు. రెండో దూలం చివరలు ఎల్లుండి విప్పుతాం. వానలు మొదలయ్యేలోపు దాని కొలతలు కూడా ఇక్కడే పెడతాను.